పేజీ బొమ్మయ్యాక అక్షరాలేమవుతాయి?

పెళ్లి శుభలేఖ, బడి నుంచి వచ్చే నోటీసు, ఉద్యోగ ప్రకటన, సాహిత్య సభ ఆహ్వానం. ఇవన్నీ ఒకప్పుడు కాగితం మీద చేతికి అందేవి. ఇప్పుడు ఎక్కువగా వాట్సాప్‌లో బొమ్మలుగా వస్తున్నాయి. వాటిని తయారుచేసిన డీటీపీ ఆపరేటరు దగ్గర అసలు ఫైలు వేరే ఉంటుంది. దాన్ని పీడీఎఫ్ చేసి, ఆ పీడీఎఫ్‌లోని పేజీని జేపీజీగా మార్చి పంపుతారు. ఈ పనికి నిమిషం కూడా పట్టదు. కానీ ఆ కాస్త సమయంలో పేజీ స్వభావమే మారిపోతుంది. ఏం మారుతుందో తెలిస్తే పేజీని ఎప్పుడు బొమ్మగా మార్చాలో, ఎలా మార్చాలో, ఎప్పుడు అలాగే ఉంచాలో మనమే నిర్ణయించుకోవచ్చు. వత్తులు, గుణింతాలు నిండిన తెలుగు పేజీకి ఈ నిర్ణయం మరీ ముఖ్యం.

పీడీఎఫ్ లోపల ఏముంటుంది

పీడీఎఫ్‌ను అడోబీ సంస్థ 1993లో తీసుకొచ్చింది. ఆ సంస్థను స్థాపించిన జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అంతకు ముందే పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాషను రూపొందించారు. పేజీ మీద ఏది ఎక్కడ ఉండాలో ప్రింటరుకు చెప్పే భాష అది. పీడీఎఫ్ ఆ ఆలోచన నుంచే పుట్టింది. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది.

పీడీఎఫ్ పేజీలో నిజంగా ఉండేవి ఆదేశాలు. ఫలానా ఫాంటు తీసుకో, ఇంత సైజు పెట్టు, ఎడమ నుంచి ఇంత, కింది నుంచి ఇంత దూరంలో ఈ అక్షరం వేయి, ఇక్కడి నుంచి అక్కడిదాకా గీత గీయి, ఈ చోట ఈ ఫొటో ఉంచు. దూరాలను అంగుళంలో 72వ వంతుగా కొలుస్తారు. ఆ లెక్కన ఏ4 పేజీ వెడల్పు 595, ఎత్తు 842. ప్రతి అక్షరం ఆకారం వంపుల గణితంగా ఫాంటులో నిక్షిప్తమై ఉంటుంది. అందుకే పీడీఎఫ్‌లో అక్షరాన్ని ఎంత పెద్దది చేసి చూసినా అంచులు చెదరవు.

బొమ్మ ఫైలులో ఇవేవీ ఉండవు. అడ్డంగా ఇన్ని, నిలువుగా ఇన్ని పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్‌కు ఒక్కో రంగు. అంతే. పేజీని బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్ ఆదేశాలన్నిటినీ చదివి, వాటి ప్రకారం పేజీని గీసి, గీసిన ఫలితాన్ని మాత్రమే మన చేతిలో పెడుతుంది. ఆదేశాలు అక్కడితో పోతాయి. ‘క’ అనే అక్షరం ఉన్న చోట ఇక మిగిలేది ఆ ఆకారంలో అమరిన నల్ల పిక్సెళ్లే. మన కన్ను దాన్ని ‘క’ అని గుర్తుపడుతుంది, కంప్యూటరుకు మాత్రం అది అక్షరమని తెలియదు. ఇకపై చెప్పేవన్నీ ఈ ఒక్క విషయం నుంచి వచ్చేవే.

ఎన్ని పిక్సెళ్లు కావాలి

మార్చే ముందు సాఫ్ట్‌వేర్ అడిగే మొదటి ప్రశ్న డీపీఐ. అంటే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు. ఏ4 పేజీకి ఈ లెక్క ఇలా ఉంటుంది. 72 డీపీఐలో 595 × 842, మొత్తం సుమారు 5 లక్షల పిక్సెళ్లు. 150లో 1240 × 1754, సుమారు 22 లక్షలు. 300లో 2480 × 3508, సుమారు 87 లక్షలు. డీపీఐ రెట్టింపైతే పిక్సెళ్లు నాలుగు రెట్లవుతాయి. వెడల్పూ ఎత్తూ రెండూ పెరుగుతాయి కాబట్టి.

ఇప్పుడు దీన్ని తెలుగు అక్షరం వైపు నుంచి చూద్దాం. 12 పాయింట్ల అక్షరానికి 72 డీపీఐలో నిలువునా దక్కేవి 12 పిక్సెళ్లు. ఆ 12లోనే పైన గుడి గానీ తలకట్టు గానీ, మధ్యలో హల్లు, కింద వత్తు, అన్నీ సర్దుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయే ఆ కొలత మనకు చాలదు. ద, ధ, థ అక్షరాలను వేరుచేసేవి అడుగున ఒక చిన్న గీత, లోపల ఒక చుక్క. పకూ ఫకూ మధ్య తేడా కూడా అలాంటి గీతే. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చివర ఒక చిన్న మెలిక. పిక్సెళ్లు తక్కువైతే ముందుగా కలిసిపోయేవి ఇవే. అప్పుడు విధి, వీధి ఒకేలా కనిపిస్తాయి. వాక్యాన్ని బట్టి మనం సరిగానే ఊహిస్తాం. మనిషి పేరులోనో, ఊరి పేరులోనో, సర్వే నంబరులోనో ఊహకు ఆధారం ఉండదు.

అదే అక్షరానికి 150 డీపీఐలో 25 పిక్సెళ్లు, 300లో 50 పిక్సెళ్లు దక్కుతాయి. ఫోన్లో ఒకసారి చూసి వదిలేసే నోటీసుకు 150 సరిపోతుంది. వేళ్లతో పెద్దది చేసి చదవాల్సిన పేజీకి 200 మేలు. తిరిగి ప్రింటు తీయాల్సిన, లేదా తర్వాత అక్షరాలను గుర్తించాల్సిన పేజీకి 300 కావాలి. పాత పుస్తకాల్లాంటి సన్నని అచ్చుకు, దీర్ఘకాలం దాచాల్సిన వాటికి 400 నుంచి 600 దాకా వెళ్లాలి.

ఇక్కడ చాలామందికి ఉండే ఒక అపోహ తొలగించాలి. బొమ్మ తయారైపోయాక ఫైలులో 72 అని ఉన్నచోట 300 అని మార్చినంత మాత్రాన స్పష్టత రాదు. ఆ అంకె ప్రింటరు కోసం తగిలించిన సూచన మాత్రమే. చిన్న బొమ్మను సాగదీసి పిక్సెళ్లు పెంచినా అంతే, లేని చుక్క పుట్టుకురాదు. స్పష్టత కావాలంటే మళ్లీ పీడీఎఫ్ దగ్గరికే వెళ్లి, ఎక్కువ డీపీఐతో మార్చుకోవాలి. అసలు ఫైలును పారేయకూడదని చెప్పడానికి ఇది మొదటి కారణం.

జేపీజీ, పీఎన్‌జీ, టిఫ్

రెండో ప్రశ్న ఏ రకం ఫైలు అన్నది. 300 డీపీఐ ఏ4 రంగుల పేజీ ఏ కుదింపూ లేకుండా సుమారు 26 మెగాబైట్లు ఉంటుంది. కాబట్టి ఏదో ఒక పద్ధతిలో కుదించక తప్పదు. ఆ పద్ధతిలోనే ఈ మూడింటి తేడా ఉంది.

జేపీజీని 1990ల మొదట్లో ఫొటోల కోసం రూపొందించారు. అది బొమ్మను 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో కన్ను పెద్దగా పట్టించుకోని సూక్ష్మమైన మార్పులను వదిలేస్తుంది. ఆకాశం, ముఖం, పంటపొలం లాంటి వాటిలో రంగు మెల్లగా మారుతుంది కాబట్టి ఈ నష్టం కనపడదు. అక్షరం అలాంటిది కాదు. తెల్లటి కాగితం మీద నలుపు ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగుతుంది. ఆ అంచుల చుట్టూ జేపీజీ బూడిదరంగు మరకలు వదులుతుంది. పైగా చాలా సాఫ్ట్‌వేర్లు జేపీజీలో వెలుగునీడలను పూర్తిగా దాచి, రంగును మాత్రం నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పునే దాస్తాయి. పసుపు మీద ఎరుపు అక్షరాలతో ఉండే మన శుభలేఖలు ఫోన్లో అలికినట్టు కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. జేపీజీని తెరిచి, మార్చి, మళ్లీ భద్రపరిచిన ప్రతిసారీ కొంత నష్టం కొత్తగా చేరుతుంది.

పీఎన్‌జీ 1996లో ప్రమాణంగా వచ్చింది. అది ఒక్క పిక్సెల్‌ను కూడా మార్చకుండా కుదిస్తుంది. ఎక్కువ భాగం తెల్లగా ఉండి అక్షరాలే ఉన్న పేజీని పీఎన్‌జీ చక్కగా చిన్నది చేస్తుంది. నిండా ఫొటోలున్న పేజీని మాత్రం అంతగా చిన్నది చేయలేదు. కాబట్టి అక్షరాల పేజీకి పీఎన్‌జీ, ఫొటోల పేజీకి 90కి తగ్గని నాణ్యతతో జేపీజీ అనేది మంచి నియమం. పీఎన్‌జీలో ఒక జాగ్రత్త అవసరం. పారదర్శకమైన నేపథ్యంతో భద్రపరిస్తే, నల్లటి తెర మీద నల్లటి అక్షరాలు కనపడకుండా పోతాయి. నేపథ్యం తెల్లగా ఉండేలా చూసుకోవాలి.

టిఫ్ గ్రంథాలయాలు, అచ్చు పనివాళ్లు వాడే రకం. ఒకే ఫైలులో చాలా పేజీలు పెట్టవచ్చు. కేవలం నలుపు తెలుపుల పేజీని, ఫ్యాక్స్ యంత్రాల కోసం పుట్టిన కుదింపు పద్ధతిలో నష్టం లేకుండా చాలా చిన్నదిగా దాచవచ్చు. వాట్సాప్‌లో పంపడానికి ఇది పనికిరాదు.

పరీక్షల దరఖాస్తుల్లో ఫైలు ఇన్ని కిలోబైట్లకు మించకూడదని షరతు ఉంటుంది. సైజు తగ్గించేటప్పుడు ఒక వరుస పాటించాలి. ముందు చుట్టూ ఉన్న ఖాళీని కత్తిరించాలి. తర్వాత రంగు అవసరం లేకపోతే గ్రేస్కేల్ చేయాలి. ఆ తర్వాత 300 నుంచి 200కు, అవసరమైతే 150కి దిగాలి. జేపీజీ నాణ్యతను చివరగా, కొద్దికొద్దిగా తగ్గించాలి. సాధారణంగా అందరూ చివరి పనిని మొదట చేస్తారు. దాంతో సర్టిఫికెట్ మీది పేరే చదవరాకుండా పోతుంది.

వాట్సాప్‌లో ఫొటోగా పంపిన బొమ్మను ఆ యాప్ మళ్లీ కుదిస్తుంది. అదే బొమ్మను డాక్యుమెంట్ అన్న దారిలో పంపితే మనం ఇచ్చిన ఫైలే యథాతథంగా చేరుతుంది.

స్కాన్ చేసిన పేజీల సంగతి వేరు

అన్ని పీడీఎఫ్‌లలోనూ అక్షరాలుండవు. కాగితాన్ని స్కాన్ చేసి తయారుచేసిన పీడీఎఫ్‌లో పేజీకొక బొమ్మ అప్పటికే ఉంటుంది. దాన్ని మళ్లీ వేరే డీపీఐతో గీయిస్తే ఉన్న పిక్సెళ్లు చెదిరి, స్పష్టత తగ్గుతుంది. లోపలి బొమ్మను ఉన్నదున్నట్టు బయటికి తీయడమే సరైన పని. పాప్లర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సంకలనంలో రెండు పనులకూ వేర్వేరు పరికరాలున్నాయి. పీడీఎఫ్‌టుపీపీఎం పేజీని గీస్తుంది, పీడీఎఫ్‌ఇమేజెస్ లోపలి బొమ్మలను బయటికి తీస్తుంది. మీ పీడీఎఫ్ ఏ రకమో తెలుసుకోవాలంటే పేజీలో ఒక పదాన్ని మౌస్‌తో ఎంపిక చేయడానికి ప్రయత్నించండి. పదం పట్టుబడకపోతే అది చాలావరకు బొమ్మే.

కుదింపు ఎంత దూరం వెళ్లగలదో చెప్పే ఒక ఉదంతం ఉంది. 2013లో జర్మనీకి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీజెల్, జిరాక్స్ కంపెనీ యంత్రాల్లో కొన్ని స్కాన్ చేసేటప్పుడు అంకెలనే మార్చేస్తున్నాయని బయటపెట్టారు. ఒక ఇంటి ప్లానులో మూడు గదుల విస్తీర్ణాలు వేర్వేరుగా ఉంటే, స్కాన్‌లో మూడింటికీ 14.13 చదరపు మీటర్లనే పడింది. జేబిగ్2 అనే కుదింపు పద్ధతి ఒకేలా కనిపించే ఆకారాలను పోల్చి, ఒకదాని చోట మరొకదాన్ని వాడుతుంది. పోలిక తప్పినప్పుడు అంకె మారిపోతుంది, అయినా అది స్పష్టంగానే కనిపిస్తుంది. మసకగా ఉంటే మనకు అనుమానమైనా వచ్చేది. ఆ కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్‌ను సరిచేసింది. భూమి పత్రాలు, మార్కుల జాబితాలు, వైద్య పరీక్షల ఫలితాలు స్కాన్ చేసినప్పుడు అంకెలను అసలు కాగితంతో ఒకసారి పోల్చుకోవాలని ఈ ఉదంతం చెబుతోంది.

బొమ్మే సరైన సందర్భాలు

బొమ్మగా మార్చడం తప్పేమీ కాదు. దానికి బలమైన కారణాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది ఫాంటు. తెలుగు అచ్చు రంగం చాలాకాలం అను లాంటి ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో నడిచింది. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే కనిపించేది అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల వరుస. పీడీఎఫ్‌లో ఫాంటును పొదగకపోయినా ఇదే ఇబ్బంది. బొమ్మకు ఈ బెడద లేదు. ఏ ఫోన్లో తెరిచినా ఒకేలా కనిపిస్తుంది. ఆపరేటర్లకు జేపీజీ అలవాటు కావడానికి ఇది న్యాయమైన కారణమే.

రెండోది గోప్యత. పీడీఎఫ్‌లో ఒక నంబరు మీద నల్లటి పట్టీ గీస్తే పైకి కనపడదు, కానీ నంబరు కింద అలాగే ఉంటుంది. ఎంపిక చేసి కాపీ చేస్తే బయటికొస్తుంది. 2019 జనవరిలో అమెరికాలో పాల్ మానఫోర్ట్ అనే రాజకీయ సలహాదారు మీది కేసులో ఆయన న్యాయవాదులు కోర్టుకు ఇచ్చిన పత్రంలో నల్లపట్టీల కింది వాక్యాలు ఇలాగే బయటపడ్డాయి. పట్టీ గీశాక పేజీని బొమ్మగా మార్చితే కింది అక్షరాలు నిజంగా పోతాయి. నంబరును మసకబార్చడం మాత్రం చాలదు, పూర్తిగా నల్లగా కప్పాలి.

మూడోది, స్లైడులోనో, వ్యాసం మధ్యనో, ఫ్లెక్సీ నమూనాలోనో పేజీని చూపించాల్సి రావడం. చూపించడమే అవసరమైన చోట బొమ్మకు మించింది లేదు.

పోయేవాటి జాబితా

అక్షరాలతో పాటు పోయేవి నాలుగు.

మొదట వెతకడం. ఏడాది క్రితం వచ్చిన నోటీసు ఇప్పుడు కావాలి. అందులోని పదం టైప్ చేసి వెతికితే, అది బొమ్మగా వచ్చి ఉంటే, చాలాచోట్ల ఫలితం ఉండదు. వేల ఫొటోల మధ్య వేలితో జరుపుకుంటూ వెళ్లాలి.

రెండోది, చూపు లేనివారు చదవడం. ఎన్‌వీడీఏ, టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్లు తెలుగు అక్షరాలను పైకి చదివి వినిపించగలవు. పరీక్ష నోటీసులో అక్షరాలుంటే చూపు లేని విద్యార్థి ఎవరి సాయం లేకుండా పరీక్ష తేదీ తెలుసుకుంటాడు. బొమ్మగా వస్తే ఇంకొకరిని బతిమాలుకోవాలి. ఆ నోటీసు తనకూ వచ్చింది, కానీ తనకు అందలేదు. ఈ ఒక్క కారణం చాలు, ప్రజలందరి కోసం ఉద్దేశించిన ఏ ప్రకటనా కేవలం బొమ్మగా వెలువడకూడదని చెప్పడానికి.

మూడోది డిజిటల్ సంతకం. ఈ-ఆధార్ లాంటి పీడీఎఫ్‌ల మీద ఉండే సంతకం ఆ ఫైలుతో ముడిపడి ఉంటుంది. ఫైలులో ఏ మార్పు జరిగినా సాఫ్ట్‌వేర్ కనిపెట్టేస్తుంది. బొమ్మలోకి వచ్చేది ఆ సంతకం రూపం మాత్రమే, సరిచూసుకునే వీలు ఉండదు. సంతకం సరిచూడాల్సిన చోటికి అసలు పీడీఎఫే పంపాలి. పేజీలో క్యూఆర్ కోడ్ ఉంటే ఇంకో మాట. చిన్న చిన్న గళ్లతో కిక్కిరిసిన కోడ్ తక్కువ డీపీఐలో స్కాన్ కాదు.

నాలుగోది లింకులు. నొక్కితే తెరుచుకోవాల్సిన చిరునామా, ఫోన్ నంబరు బొమ్మలో కేవలం కనిపిస్తాయి. చదివి, చేత్తో మళ్లీ టైప్ చేసుకోవాలి.

మార్పిడి ఎక్కడ చేయాలి

ఇంటర్నెట్‌లో ఉచితంగా మార్చిపెట్టే సైట్లు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువభాగం మన ఫైలును తమ కంప్యూటరుకు ఎక్కించుకుని, అక్కడ మార్చి తిరిగి ఇస్తాయి. కవి సమ్మేళనం కరపత్రానికి అది ఫరవాలేదు. ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్, వైద్య నివేదికల్లాంటివి అలా ఎక్కించకూడదు. మన కంప్యూటరులోనే పని జరిగే దారులున్నాయి. మ్యాక్‌లో ప్రివ్యూ, ఏ కంప్యూటరులోనైనా లిబ్రేఆఫీస్ డ్రా, ఇంకాస్త నేర్పున్నవారికి పాప్లర్, ఘోస్ట్‌స్క్రిప్ట్. నెట్ సెంటర్లో చేయించుకుంటే పని అయ్యాక ఫైలును అక్కడి కంప్యూటరులోంచి తీసేయమని అడగడం మన హక్కు.

ఎక్కువ పేజీలున్నప్పుడు ఫైళ్ల పేర్లలో 1, 2, 3 అని కాకుండా 001, 002, 003 అని అంకెలు రావాలి. లేకపోతే చాలాచోట్ల 1 పక్కన 10 వచ్చి కూర్చుంటుంది, పుస్తకం వరుస తప్పుతుంది. ప్రెస్సు కోసం చేసిన పీడీఎఫ్‌లో రంగులు అచ్చు సిరాల లెక్కలో ఉంటాయి. తెర మీదికి మార్చినప్పుడు అవి కొంచెం మారుతాయి, పంపే ముందు చూసుకోవాలి.

బొమ్మ నుంచి అక్షరాలకు

పోయిన అక్షరాలను తిరిగి రాబట్టే విద్యను ఓసీఆర్ అంటారు. 2005లో అందరికీ ఉచితంగా విడుదలైన టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ తెలుగును గుర్తుపడుతుంది. గూగుల్ డ్రైవ్ కూడా గుర్తుపడుతుంది. శుభ్రమైన అచ్చుతో, 300 డీపీఐ పేజీ ఇస్తే ఫలితం బాగుంటుంది. మసక పేజీ ఇస్తే వత్తుల దగ్గర, ధ థల దగ్గర తప్పులు పెరుగుతాయి. మనిషి కన్ను తడబడే చోటే యంత్రమూ తడబడుతుంది.

ఈ పని ఎంత పెద్దదో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాను చూస్తే తెలుస్తుంది. చిత్తూరు జిల్లాలో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలను డిజిటల్ రూపంలోకి తేవాలన్న ఆశయంతో తలపెట్టిన కృషిలో అది భాగం. వేలాది తెలుగు పుస్తకాలు అలా పేజీ బొమ్మలై, చాలావరకు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. ఎక్కడా కొనడానికి దొరకని పుస్తకాన్ని ఇంట్లో కూర్చుని చదవగలగడం చిన్న మేలు కాదు. పాత కాగితానికి బొమ్మ తప్ప వేరే దారి కూడా లేదు. ఆ బొమ్మలను మళ్లీ అక్షరాలుగా మార్చేందుకు తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవారు ఒక పక్క పేజీ బొమ్మ, మరో పక్క పాఠ్యం పెట్టుకుని, పదం పదం సరిచూస్తున్నారు. ఒకరు దిద్దిన పేజీని మరొకరు ఆమోదిస్తే గానీ అది పూర్తయినట్టు కాదు.

ఆ శ్రమ పాత పుస్తకాలకు తప్పదు. నిన్న టైప్ చేసిన నోటీసుకు దాని అవసరం ఎందుకు రావాలి? ఇప్పుడు ఫోన్లోనూ కంప్యూటరులోనూ తెలుగును ఎక్కువగా యూనికోడ్ పద్ధతిలోనే, అంటే తెలుగు అక్షరాలుగానే టైప్ చేస్తున్నాం. అక్షరాలు మన చేతిలోనే ఉన్నాయి. వాటిని మనమే బొమ్మగా చేసి, మళ్లీ ఎవరో వాటిని గుర్తుపట్టాలని ఎదురుచూడటంలో అర్థం లేదు. పీడీఎఫ్ చేసినా ఒక పరీక్ష పెట్టుకోవాలి. కంటికి కనిపిస్తున్న పదాన్ని అందులోనే వెతికి చూడండి. దొరికితే అక్షరాలు సజీవంగా ఉన్నట్టే. పాత ఫాంటుతో చేసిన పీడీఎఫ్‌లో అది దొరకదు.

కాబట్టి కార్యాలయాలు, బడులు, సంఘాలు చేయాల్సింది కష్టమైన పనేమీ కాదు. బొమ్మ పంపండి, దాని కిందే అందులోని ముఖ్యమైన విషయాన్ని టైప్ చేసి పెట్టండి. తేదీ, చోటు, గడువు, సంప్రదించాల్సిన నంబరు అక్షరాల్లో ఉండాలి. అధికారిక ఉత్తర్వయితే యూనికోడ్ పీడీఎఫ్‌ను కూడా జతచేయండి. అసలు ఫైలును ఎప్పటికీ ఉంచుకోండి. టైప్ చేసిన మనిషి దగ్గర ఆ వాక్యాలు ఎలాగూ ఉన్నాయి. కాపీ చేసి అతికించడానికి పట్టే ఆ కొద్దిపాటి సమయంతో ఒక నోటీసును అందరూ చదవగలుగుతారు, చూడలేనివారు వినగలుగుతారు, ఐదేళ్ల తర్వాత వెతికేవారికి కూడా అది దొరుకుతుంది.